స్రవంతి రాని పుట్టినరోజు

2022 మధ్యలో జరిగిన సంగతి ఇది. సింగపూర్‌లో కోవిడ్ ఆంక్షలు ఎత్తేశారు. రెండేళ్లుగా వాయిదా వేసుకున్న శుభకార్యాలన్నీ జనం ఒక్కసారిగా మొదలుపెట్టారు. శనివారం వస్తే చాలు, జురాంగ్ ఈస్ట్‌లో మా బ్లాకు చుట్టుపక్కల ఎవరో ఒకరింట్లో అక్షరాభ్యాసమో, గృహప్రవేశమో, పుట్టినరోజో ఉండేది. నేనప్పుడు ఇక్కడి కేంద్ర బ్యాంకులో ఆర్థికవేత్తని, పాలసీ సలహాదారుని. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను కాబట్టి ఈ మాత్రం రాసే తీరిక దొరికింది. అయితే ఆఫీసు గదుల్లో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రాసే హక్కు నాకు లేదు, రాయను కూడా. ఇది ఒక పసిపిల్ల పుట్టినరోజు గురించి. పేర్లన్నీ మార్చాను.

ముందు మా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే తరవాత జరిగిన గొడవ అర్థం కాదు. చాలా దేశాల్లో కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును పెంచడమో తగ్గించడమో చేసి ధరల్ని అదుపులో పెడుతుంది. సింగపూర్ పద్ధతి వేరు. ఇక్కడ తినే బియ్యం దగ్గర్నుంచి తొడుక్కునే చెప్పుల దాకా దాదాపు అన్నీ బయటినుంచే వస్తాయి. అందుకని ఇక్కడి డాలరు విలువనే అదుపులో పెడతారు. డాలరు బలపడితే దిగుమతి సరుకు చవకవుతుంది. అది ఎంత వేగంగా బలపడొచ్చో నిర్ణయించడమే మా పాలసీ. అప్పట్లో ఆ ప్రకటన ఏడాదికి రెండుసార్లు వచ్చేది, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. మరీ అవసరం పడితే మధ్యలో కూడా ప్రకటించవచ్చు. దాన్ని ఆఫ్-సైకిల్ అంటారు. అది వస్తోందని ముందుగా ఎవరికైనా తెలిసిందంటే, వాళ్లు తెల్లారేలోగా డాలర్లు కొనేసుకుని కూర్చోవచ్చు. కాబట్టి అది తెలిసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉంటారు.

ఈ ఉద్యోగంలో ఉన్న తెలుగుదానికి ఇంకో బాధ ఉంది. నేను కనబడగానే ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒక్కటే, డాలరు రేటు పెరుగుతుందా అని. వ్రతంలో తాంబూలం ఇస్తూ అడిగినవాళ్లున్నారు. బూన్ లే హాకర్ సెంటర్లో టీ తాగుతుంటే షిప్‌యార్డు కుర్రాళ్లు వచ్చి, "అక్కా, ఇంటికి డబ్బు ఈ వారం పంపమంటారా, వచ్చే వారం పంపమంటారా" అని అడిగేవాళ్లు. ఇరవై ఏళ్లుగా నా జవాబు కూడా ఒక్కటే. "ఇంట్లో అవసరం ఉంటే పంపించెయ్యి తమ్ముడూ, రేటు సంగతి దేవుడికే తెలియదు." పాలసీ ఉన్న వారమైనా, లేని వారమైనా అదే మాట, అదే ముఖం. విని విని మా ఆయనకే విసుగొచ్చింది. ఆ జవాబు వల్ల నాకు అహంభావి అనే పేరు కూడా వచ్చింది. పోనీలెమ్మని ఊరుకున్నాను.

స్రవంతిని మా విభాగంలోకి తీసుకున్నది నేనే. కరీంనగర్ దగ్గరి అమ్మాయి. హైదరాబాద్‌లో చదివి, ఇక్కడ పీహెచ్‌డీ చేసింది. రాబోయే నెలల్లో ధరలు ఎంత పెరుగుతాయో అంచనా కట్టడం ఆమె పని. మనిషి నెమ్మది, అంచనా మాత్రం రాయి. ఒకసారి గీత గీసిందంటే ఎవరు బెదిరించినా అంగుళం జరపదు. భర్త నరేష్ జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయనాల ప్లాంటులో ప్రాసెస్ ఇంజనీరు. నర్సరీ చదివే కొడుకు. మా బ్లాకుకి రెండు బ్లాకుల అవతల ఉండేవాళ్లు.

ఆ ఏడాది ధరలు పెరిగిన తీరు చూసి, అక్టోబర్ దాకా ఆగడం కుదరదని పైవాళ్లు అనుకున్నారు. ఆఫ్-సైకిల్‌కి కాగితాలు సిద్ధం చెయ్యమని మాకు చెప్పారు. మంగళవారం కమిటీ, బుధవారం పొద్దున ప్రకటన. ఆ కమిటీలో అందరూ చూసే మొదటి బొమ్మ స్రవంతి గీసిన ధరల అంచనా.

సోమవారం పొద్దున నేను సీట్లో కూర్చున్నానో లేదో మా చీఫ్ పిలిచాడు. పేరు హో అనుకుందాం. కోపం వస్తే గొంతు పెంచే మనిషి కాదు, కళ్లజోడు తీసి బల్లమీద పెడతాడు. ఆ రోజు నేను వెళ్లేసరికే కళ్లజోడు బల్లమీద ఉంది. సింగపూర్ డాలర్ని పొద్దుటినుంచీ ఎవరో కారణం లేకుండా కొంటున్నారట. మార్కెట్‌ని చూసుకునే మా డీలింగ్ రూమ్ వాళ్లు ఇద్దరు ముగ్గుర్ని వాకబు చేశారు. ఒక ప్రైవేటు బ్యాంకులో కరెన్సీలు కొని అమ్మే డీలరు, ఈ వారం కేంద్ర బ్యాంకు ఏదో ప్రకటిస్తుందని తన క్లయింట్లకి చెబుతున్నాడని తేలింది. ఆ డీలరు పేరు కిరణ్.

మాలో ప్రతివాళ్లమూ, మార్కెట్లో పనిచేసే బంధువులు, స్నేహితులు ఎవరున్నారో ఏడాదికోసారి ఆఫీసుకి చెప్పుకోవాలి. కిరణ్ పేరు చెప్పుకున్నది ఒక్క స్రవంతే, కుటుంబ స్నేహితుడని. నిజాయితీగా చెప్పుకుంది కాబట్టే వేళ్లన్నీ నేరుగా ఆమెనే చూపించాయి.

"మీ అమ్మాయే," అన్నాడు హో.

ఆ మాట నాకు ఒళ్లు మండేలా తగిలింది. అయినా ఏమీ అనలేకపోయాను. ఎందుకంటే ఆ క్షణాన నాకూ అనుమానం వచ్చింది. అది దాచి రాస్తే ఈ అనుభవం రాయడమే దండగ.

నియమాలు ఎవరైనా మీరారేమో చూసే విభాగాన్ని కంప్లయన్స్ అంటారు. అక్కడినుంచి ఫరీదా వచ్చింది. మృదువుగా మాట్లాడుతుంది, తొందరపడదు. అలాంటివాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి. కిటికీ లేని చిన్న మీటింగ్ రూమ్‌లో ముగ్గురం కూర్చున్నాం. స్రవంతి ఫోను ముందే తీసుకున్నారు. పై అధికారిగా నేను పక్కన ఉండవచ్చుగానీ సలహా ఇవ్వకూడదు.

ఏం పోతుందో ఆ అమ్మాయికి తెలుసు. ఉద్యోగం ఒక్కటే కాదు. ఈ చిన్న దేశంలో రహస్యం బయటపెట్టిందన్న మచ్చ పడితే ఏ బ్యాంకూ, ఏ యూనివర్సిటీ గుమ్మం ఎక్కనివ్వదు. నేరంగా చూస్తే కోర్టు దాకా కూడా వెళ్లవచ్చు. నీళ్ల సీసా మీది కాగితం అంచుని గోటితో లాగుతూ కూర్చుంది.

కిరణ్‌తో ఎప్పుడు మాట్లాడారని ఫరీదా అడిగింది. పదిహేను రోజులు దాటిందంది స్రవంతి. మెసేజ్? లేదు. అతని భార్యతో? లేదు. ఆఫ్-సైకిల్ గురించి ఇంట్లో ఎవరికైనా చెప్పారా? లేదు, భర్తకి కూడా తెలియదు. ఫరీదా అదే ప్రశ్నని మూడు రకాలుగా తిప్పి అడిగింది. మూడుసార్లూ అదే జవాబు.

చివరికి స్రవంతి నావైపు తిరిగింది. ఇంగ్లీషు వదిలేసి తెలుగులోకి వచ్చేసింది. "నేను మస్తు జాగ్రత్తగున్న మేడం. శనివారం కిరణ్ వాళ్ల పాప ఫస్ట్ బర్త్‌డే ఉండె. దానిక్కూడ పోలే. బ్యాంకులోళ్లు వస్తరని కావాల్నే పోలే."

ఆ మాటని కొంచెం గర్వంగానే చెప్పింది. నాకు మాత్రం చిక్కు అక్కడే ఉందనిపించింది.

ఇంగ్లీషులో చెప్పాక కూడా ఆ చిక్కేమిటో ఫరీదాకి వెంటనే అర్థం కాలేదు. పార్టీకి వెళ్లకపోవడం మంచిదేగా అంది. మనవాళ్ల ఫంక్షన్ల సంగతి తెలిస్తే అలా అనదు. వచ్చినవాళ్లని ఎవరూ పట్టించుకోరు. రానివాళ్ల గురించి మాత్రం గుమ్మంలో చెప్పులు విప్పినప్పటినుంచి ప్లేట్లు తీసేదాకా అడుగుతూనే ఉంటారు. అందులోనూ స్రవంతి మామూలు అతిథి కాదు. ఆ పాప పుట్టినప్పుడు కిరణ్ భార్యకి నెల రోజులు పథ్యం వండిపెట్టింది ఆమే. ఆ రోజుకి బొబ్బట్లు తెస్తానని మాటిచ్చింది కూడా. అలాంటి మనిషి రాకపోతే వందమంది అడుగుతారు, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

"ఇంట్లోంచి ఎవరైనా వెళ్లారా?" అని అడిగాను. సలహా ఇవ్వకూడదన్నారుగానీ ప్రశ్న అడగొద్దని ఎవరూ అనలేదు.

నరేష్, బాబు వెళ్లారట. నువ్వు ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పమన్నావంటే, ఏమీ చెప్పమనలేదంది. ఆఫీసు పని ఉంది, నేను రాను, మీరు పోయిరండి అని మాత్రం అందట. నరేష్ అక్కడ ఏమన్నాడో ఆమెకి తెలియదు. అడగను కూడా లేదు.

ఇక అందరి ప్రాణమూ నరేష్ నోటిలో ఉంది. అతనికి ఫోన్ చేద్దామంటే దొరకడు. జురాంగ్ ఐలాండ్ ప్లాంట్లలో మండే వాయువులు ఉంటాయి కాబట్టి మామూలు ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు. పొద్దున లాకర్లో పెట్టి వెళ్తే మళ్లీ భోజనానికి బయటికి వచ్చినప్పుడే చూసుకోవాలి. కంట్రోల్ రూమ్‌కి కబురు పంపవచ్చుగానీ, కేంద్ర బ్యాంకునుంచి మీ ఆవిడ గురించి అర్జెంటుగా ఫోను అని పది మంది చెవుల మీదుగా కబురు వెళ్తే ఇంకేమన్నా ఉందా. ఆగక తప్పలేదు.

ఆ ఎదురుచూపు నేను మర్చిపోలేను. ఈలోగా డాలరు ఇంకాస్త పైకి వెళ్లిందని హో రెండుసార్లు కబురు పంపాడు. రెండోసారి నన్ను బయటికి పిలిచి, రేపటి కమిటీలో స్రవంతి లేకుండా ఆమె అంచనా ఎవరు వివరిస్తారని అడిగాడు. నేను చెయ్యగలనన్నాను. చెయ్యగలనుగానీ ఆమెలా చెయ్యలేనని ఇద్దరికీ తెలుసు. కొంతమంది ప్రకటన ఇవాళే ఇచ్చేద్దామంటున్నారని కూడా చెప్పాడు. నువ్వేమంటావన్నాడు. తొందరపడి ఇచ్చేస్తే లీకు నిజమని మనమే దండోరా వేసినట్టు అవుతుంది, అనుకున్న రోజునే ఇద్దామన్నాను. సలహాదారు ఉద్యోగం ఇదే. అవతల గదిలో మన మనిషి మునిగిపోతున్నా, ఇవతల గదిలో గొంతు వణక్కుండా చెప్పాలి.

తిరిగి లోపలికి వెళ్తే స్రవంతి తలెత్తి చూసింది. ఆ చూపులో ఉన్న ప్రశ్న ఒకటే, మీరు నమ్ముతున్నారా అని. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నానుగానీ ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

నరేష్ భోజనానికి బయటికొచ్చి మిస్డ్ కాల్స్ చూసి కంగారుగా ఫోన్ చేశాడు. ఫరీదా స్పీకర్లో పెట్టింది. స్రవంతి నోరు విప్పకూడదని ముందే చెప్పింది. ఫరీదా ఇంగ్లీషులో మర్యాదగా అడిగేకొద్దీ అతను బిగుసుకుపోయాడు. నాకేమీ తెలియదు, నేనెవరికీ ఏమీ చెప్పలేదు అన్న రెండు ముక్కలే తిప్పి తిప్పి చెబుతున్నాడు. ఎవరైనా అంతే. భార్య ఆఫీసువాళ్లు ఫోన్లో వాంగ్మూలం తీసుకుంటుంటే నిజం చెప్పేవాడి గొంతు కూడా అబద్ధంలా వినిపిస్తుంది. తెలుగులో నేను అడుగుతాను, ప్రతి మాటా నీకు అనువదిస్తానని ఫరీదాతో అన్నాను. కాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

"నరేష్, నేనమ్మా," అన్నాను. "శనివారం కిరణ్ ఇంట్లో స్రవంతి ఏదని ఎవరైనా అడిగారా?"

"అందరడిగిన్రు మేడం. బొబ్బట్లేవని గూడ అడిగిన్రు." ఊపిరి పీల్చుకున్నాడు, తెలిసిన భాష వినపడగానే.

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్పలే. మా ఆమె మౌనవ్రతంలున్నదని అన్న. పాలసీ వచ్చినప్పుడల్ల అట్లనే అంట గదా, అందరు నవ్వుతరు."

అది వాళ్ల బృందంలో పాత హాస్యం. ప్రకటనకి ముందు కొన్ని వారాల్ని మేం బ్లాకౌట్ పీరియడ్ అంటాం. ఆ రోజుల్లో ఆర్థిక వ్యవహారాల గురించి బయట నోరెత్తకూడదు. నియమం అంతవరకే. స్రవంతి ఇంకో అడుగు ముందుకేసి, ఆ వారాల్లో పార్టీలకే వెళ్లేది కాదు, వాట్సాప్‌లో పలికేది కాదు. ఏప్రిల్, అక్టోబర్ వస్తే ఆమె కనపడదని అందరికీ అలవాటైపోయింది. దానికి నరేష్ పెట్టిన పేరు మౌనవ్రతం.

"ఆ మాటకి కిరణ్ ఏమన్నాడు?"

 ఫోన్లో అతని వెనకాల ట్రేలు పడుతున్న చప్పుడు, ఎవరో మలయ్ భాషలో పిలుస్తున్న కేక వినపడ్డాయి.

"ఏమనలే మేడం. నవ్విండు. ఏప్రిల్ అయిపోయింది గదా అన్నడు. గంతే."

 స్రవంతి రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను ఆ రెండు ముక్కల్నీ ఇంగ్లీషులోకి మార్చి ఫరీదాకి చెప్పాను. మౌనవ్రతమంటే ఏమిటో కూడా విడమరిచి చెప్పాను.

"ఏమైంది మేడం? స్రవంతికేమన్న అయిందా? ఒక్కసారి మాట్లాడియ్యండి," అంటున్నాడు నరేష్. చెయ్యి చాస్తే అందే దూరంలో కూర్చుని ఉంది ఆమె. ఏమీ కాలేదు, మామూలు తనిఖీ, మళ్లీ మాట్లాడుతుందని చెప్పి ఫోను పెట్టించాను.

ఫరీదా పెన్ను పక్కన పెట్టింది. "ఎవరూ రహస్యం చెప్పలేదు. రహస్యం మాత్రం బయట ఉంది," అంది. ఆమె ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదట. నేనూ చూడలేదు. మాట్లాడకూడదని నియమం ఉందిగానీ, మాట్లాడకుండా ఉండటం తప్పని ఏ నియమంలోనూ లేదు. ఈ అమ్మాయి అందరికంటే ఎక్కువ జాగ్రత్తపడింది. ఆ జాగ్రత్తే ప్రకటన ఉండని జూన్, జూలైల్లో కూడా కనిపించేసరికి, లెక్కలు తెలిసినవాడు ఒక్క క్షణంలో పట్టేశాడు. ఇంకెవరైనా అయితే ఆ మాట విని నవ్వేసి కేకు తినేవాళ్లు.

హో అంతా విన్నాడు. స్రవంతిని రేపటి గదిలోకి రానివ్వాలా వద్దా అన్నది అతను తేల్చాలి. ఫరీదా మాత్రం విచారణ పూర్తయ్యేదాకా దూరంగా పెట్టడమే పద్ధతి అంది. ఆమె మాట తప్పు కాదు. నరేష్, స్రవంతి కలిసి ముందే ఈ కథ అల్లుకుని ఉండవచ్చుగా.

"ఆమె తరఫున నువ్వు పూచీ ఉంటావా?" అన్నాడు హో నన్ను చూసి. "తేడా వస్తే నువ్వూ వెళ్లాలి."

వెంటనే ఉంటానని చెప్పానని రాసుకుంటే వినడానికి బాగుంటుంది. కానీ నాకు భయం వేసింది. ఇరవై ఏళ్ల ఉద్యోగం, ఎవరూ వేలెత్తి చూపని పేరు, అన్నీ కళ్లముందు తిరిగాయి. అప్పుడు నాకు గుర్తొచ్చింది నరేష్ గొంతు కాదు, స్రవంతి గర్వం. కిరణ్ ఇంటికి కావాలని వెళ్లలేదని చెప్పినప్పుడు ఆ ముఖంలో కనపడిన గర్వం. తప్పు చేసినవాళ్లు అంత అమాయకంగా తమ మెడకే తాడు తగిలించుకోరు.

"ఉంటాను," అన్నాను.

మంగళవారం కమిటీలో స్రవంతి తన అంచనా చెప్పింది. మొదటి రెండు వాక్యాలు తడబడింది. పెద్దాయన ఒకరు గట్టిగా నిలదీసేసరికి కోపమొచ్చి, ఎప్పటిలా రాయిలా నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బుధవారం పొద్దున ప్రకటన వెళ్లిపోయింది. మార్కెట్ కదిలింది ఒక్క కిరణ్ వల్లేనని నేనిప్పటికీ అనను. ధరల్ని చూసి ఊహించినవాళ్లు ఇంకా ఉన్నారు. విచారణ చాలా వారాలు నడిచి, నియమోల్లంఘన ఏమీ లేదని ముగిసింది. కిరణ్ విషయం వాళ్ల బ్యాంకు చూసుకుంది. ఊహించడం నేరం కాదు కాబట్టి అతనికీ ఏమీ కాలేదు. విచారణ సంగతి బయట ఎవరితోనూ, ఇంట్లో కూడా అనకూడదని స్రవంతి చేత సంతకం పెట్టించారు.

ఒకరోజు లంచ్‌లో తనే చెప్పింది. ప్రకటన వార్త చూసిన సాయంత్రం నరేష్ ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా అడిగాడట, మొన్న మీ ఆఫీసులో ఆ తనిఖీ నావల్లనేనా అని. కాదు, నీకు దానికి సంబంధం లేదని చెప్పిందట. పెళ్లయ్యాక అతనితో ఆడిన మొదటి అబద్ధం అదేనంది. చెప్పి, అన్నం కలుపుకుంటూ కూర్చుందిగానీ తినలేదు.

ఆ తరవాత మా విభాగానికి కొత్త పద్ధతి రాసే పని నామీద పడింది. రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పాలసీ వారమైనా, కాకపోయినా మీ అలవాట్లు మార్చుకోకండి. వెళ్లే పార్టీలకి వెళ్లండి. పెట్టే మెసేజ్‌లు పెట్టండి. ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పండి. బూన్ లే కుర్రాళ్లకి నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నది అదే. అది నాకు ఎవరో పాత అధికారి నేర్పితే ఒంటబట్టించుకున్నాను, మళ్లీ ఎవరికీ నేర్పాలని తోచలేదు. స్రవంతికి దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాను. రేటు గురించి అడిగితే ఎలా నవ్వాలి, ఎక్కడ మాట మార్చాలి, అలసిపోయి ఉన్నప్పుడు దానికి ఏ కారణం చెప్పాలి. ఏం నేర్పినా చప్పున పట్టేసే మనిషి. ఇదీ పట్టేసింది.

ఏడాది తిరిగింది. కిరణ్ పాప రెండో పుట్టినరోజుకి నన్నూ పిలిచారు. ఆ వారం ఆఫీసులో ఏం నడుస్తోందో రాయలేను. ఏదో నడుస్తోందని మాత్రం రాయగలను. స్రవంతి మూడు రోజులుగా సరిగా నిద్రపోలేదని నాకు తెలుసు. రాకపోతే బాగుండునని కూడా లోపల అనుకున్నాను. నేను వెళ్లేసరికి ఆమె అప్పటికే వచ్చి ఉంది. చీర కొంగు దోపుకుని బొబ్బట్లు వేడిచేస్తోంది, పిల్లలకి నెయ్యి వేస్తోంది, కిరణ్ భార్య ఏదో అంటే పడీపడీ నవ్వుతోంది. కిరణ్ ఒకటికి రెండుసార్లు ఆమె ముఖంలోకి చూశాడు. తరవాత ప్లేటు పట్టుకొచ్చి, ఇండియాకి డబ్బు ఎప్పుడు పంపితే మంచిదని ఆటపట్టిస్తున్నట్టు అడిగాడు.

"అవసరముంటే పంపెయ్ అన్నా, రేటు దేవునికే ఎరుక," అంది స్రవంతి, అతని ప్లేటులో ఇంకో బొబ్బట్టు వేస్తూ. కిరణ్ నవ్వేసి వెళ్లిపోయాడు. అతని చూపులో వెతుకులాట ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. నిజం చెప్పాలంటే, ఆ నవ్వు చూశాక ఆఫీసు సంగతి మీద నాకే ఒక క్షణం అనుమానం వచ్చింది, నేనేమైనా కలగన్నానా అని. శిష్యురాలు గురువుని మించింది. సంతోషించాల్సింది, సంతోషించలేకపోయాను.

ఈ వృత్తిలో రహస్యం కాపాడటమంటే నోరు మూసుకోవడం కాదని, ఏమీ లేనట్టు బతకడమని ఆ కేసు నాకు నేర్పింది. మాట దాచడం తేలిక. అలసట, భయం, కంగారు దాచాలి, అదీ మనల్ని రోజూ దగ్గర్నుంచి చూసేవాళ్లనుంచే దాచాలి. అది ఎంత బరువో, దాన్ని ఎవరు మోస్తారో అంతకుముందు నాకు తట్టలేదు.

బయల్దేరుతుంటే లిఫ్ట్ దాకా సాగనంపడానికి నరేష్ వచ్చాడు. నిద్రపోతున్న బాబు అతని భుజం మీద ఉన్నాడు. లోపలినుంచి స్రవంతి నవ్వు వినపడుతోంది. అతను అటు తిరిగి విని, నావైపు చూసి హాయిగా నవ్వాడు.

"ఇప్పుడు మౌనవ్రతాలు బంద్ పెట్టింది మేడం," అన్నాడు. "ఎప్పుడు చూసినా మంచిగనే ఉంటది, అన్ని చెప్తది. మీరే పని తక్కువ చేసిన్రనుకుంట."

లిఫ్ట్ వచ్చింది. అవును నాయనా, తక్కువ చేశామని చెప్పి ఎక్కాను.